కంచె లోపలి పోటీ: ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో పేద పిల్లలు ఎక్కడెక్కడ జారిపోతున్నారు

హైస్కూలు స్థాయి ప్రతిభా పరీక్షల్లో డబ్బున్న కుటుంబాల పిల్లలకు ఉండే మొగ్గు గురించి మాట్లాడేటప్పుడు రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి నేషనల్ టాలెంట్ సెర్చ్ ఎగ్జామినేషన్, అంటే ఎన్‌టీఎస్‌ఈ. 1963లో మొదలైంది, 2021 తర్వాత ఆగిపోయింది. పదో తరగతి చదివే ఎవరైనా, ఏ బడి నుంచైనా రాయగలిగేవారు, ఆదాయ పరిమితి ఉండేది కాదు. ఆరో తరగతి నుంచే పోటీ పరీక్షలకు తయారుచేసే ఫౌండేషన్ కోర్సు చదివిన కార్పొరేట్ స్కూలు పిల్లవాడూ, లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉన్న జిల్లా పరిషత్ బడి పిల్లా ఒకే గదిలో అదే పేపరు రాసేవారు. రెండోది 2008లో వచ్చిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, అంటే ఎన్‌ఎంఎంఎస్. ఇది ఎనిమిదో తరగతి వాళ్లకు. పేపర్ల తీరు రెండింటిదీ దాదాపు ఒకటే: ఒక భాగం మెంటల్ ఎబిలిటీ, అంటే ఆలోచనా శక్తిని చూసే ప్రశ్నలు, ఇంకో భాగం చదువుకున్న పాఠాలు. తేడా అంతా ఎవరిని రానిస్తారన్న దగ్గరే ఉంది. ఎన్‌ఎంఎంఎస్ చుట్టూ కంచె వేశారు. ప్రైవేటు బడి పిల్లలు రాయకూడదు, ఆదాయం పరిమితి దాటకూడదు.

ఆ కంచె వేశాక న్యాయం పూర్తయిందా అన్నదే ఇక్కడ ప్రశ్న. కాలేదు. కంచె లోపల కూడా కాస్త నిలదొక్కుకున్న ఇంటి బిడ్డే ముందుంటుంది. ఆమె గెలిచేది పరీక్ష హాల్లో కంటే హాలు బయటే ఎక్కువ. ఎక్కడెక్కడ అలా జరుగుతుందో, బడి స్థాయిలో ఒక టీచరు ఏం చేయగలరో వరుసగా చూద్దాం.

కంచె కొలతలు

స్కాలర్‌షిప్ ఏడాదికి రూ.12,000. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు, మొత్తం రూ.48,000. దేశం మొత్తానికి ఏటా లక్ష కొత్త స్కాలర్‌షిప్‌లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 50 చాలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో రెగ్యులర్‌గా చదివేవాళ్లే అర్హులు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ప్రభుత్వమే తిండి, వసతి ఇచ్చే గురుకులాల పిల్లలు రాయడానికి లేదు.

ఈ చివరి నిబంధన దగ్గర ఆగాలి. గురుకులంలో ఉన్న పిల్లలకు అన్నం, పుస్తకాలు, పడక ఇప్పటికే ప్రభుత్వం ఇస్తోంది కాబట్టి మళ్లీ డబ్బెందుకన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఖర్చుల లెక్కగా చూస్తే తప్పు లేదు. కానీ ఊళ్లో కూలి దొరక్క, బిడ్డకు మూడు పూటలా తిండి పెట్టలేక గురుకులంలో వేసిన తల్లి బిడ్డ ఈ పోటీ బయటే ఉండిపోతుంది. కంచె డబ్బున్నవాళ్లతో పాటు కడుపేదల్లో ఒక భాగాన్నీ బయటికి నెట్టింది. బడిలో దీన్ని మార్చలేం. కానీ ఒక పొరపాటు మాత్రం సరిదిద్దగలం. సంక్షేమ హాస్టల్లో ఉంటూ పగలు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే పిల్లలను కూడా కొందరు ‘హాస్టల్ పిల్లలు, అర్హులు కారు’ అని వదిలేస్తారు. అది తప్పు. చూడాల్సింది బడి ఆవాస పాఠశాలా కాదా అన్నది. పిల్లవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది కాదు. మోడల్ స్కూళ్లలో హాస్టల్ వసతి లేకుండా చదివే పిల్లల సంగతి కూడా ఇంతే, నోటిఫికేషన్‌లో ఆ వాక్యం వెతికి చదవాలి.

ఇక మూడున్నర లక్షల గీత. నెలకు చూస్తే రూ.29 వేల పైచిలుకు. మిరప కోతలకు వలసపోయే కుటుంబమూ, మండల కేంద్రంలో చిన్న కిరాణా కొట్టున్న కుటుంబమూ రెండూ ఈ గీత కిందే ఉంటాయి. మొదటి ఇంట్లో బిడ్డ చదువు చూసేవాళ్లు ఉండరు. రెండో ఇంట్లో ట్యూషన్ ఉంటుంది, స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, మీసేవకు వెళ్లి పని చక్కబెట్టుకొచ్చే తండ్రి ఉంటాడు. పోటీ ఈ ఇద్దరి మధ్య.

అర్హుల జాబితా ఎలా చిన్నదవుతుంది

చాలా బడుల్లో మొదటి వడపోత టీచర్ల చేతిలోనే జరుగుతుంది. ‘బాగా చదివే పదిమందిని రాయిద్దాం’ అంటారు. మనసులో చెడు ఉండదు. ఫీజు ఎవరు కడతారు, ఆన్‌లైన్ దరఖాస్తులు ఎవరు నింపుతారు అన్న ఇబ్బంది ఉంటుంది. కానీ ఆ పదిమంది ఎవరో చూడండి: రోజూ వచ్చేవాళ్లు, శుభ్రంగా కనిపించేవాళ్లు, చెయ్యెత్తి జవాబు చెప్పేవాళ్లు. పత్తి ఏరడానికి పోయి నెలకు పది రోజులు రానివాడు ఆ జాబితాలో ఉండడు. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం వైపు, కుటుంబాలు సామాన్లు కట్టుకొని గుంటూరు వైపు వలస వెళ్లే కాలమూ, ఈ పరీక్షకు తయారయ్యే కాలమూ ఒకటే.

అందుకే నియమం ఒకటే పెట్టుకోవాలి: ఏడో తరగతిలో 55 శాతం (ఎస్సీ ఎస్టీలకు 50) వచ్చిన ప్రతి బిడ్డా దరఖాస్తు చేస్తుంది. ఎంపిక చేసే పని పరీక్షది, మనది కాదు. ఖర్చు లెక్క వేస్తే ఇది భయపడాల్సింది కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు ఓసీ, బీసీలకు రూ.100, ఎస్సీ, ఎస్టీలకు రూ.50. నలభై మందిని రాయించినా నాలుగు వేలు దాటదు. ఊళ్లో పూర్వ విద్యార్థులో, స్కూలు కమిటీ సభ్యులో ఇచ్చేంత మొత్తమే. ఫీజు పిల్లల దగ్గర అసలు అడగకూడదు. అడిగితే వంద రూపాయలకు బదులు ‘నాకు ఇష్టం లేదు సార్’ అనే మాట వస్తుంది. పదమూడేళ్ల పిల్ల ఇంట్లో డబ్బు లేదని చెప్పదు.

కాగితాలు జులైలోనే మొదలుపెట్టాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆదాయ ధ్రువపత్రం కోసం గ్రామ సచివాలయం, వీఆర్వో, తహసీల్దారు కార్యాలయం తిరగడానికి టైము చాలదు. కూలికి పోయే తల్లికి ఒక్కో తిరుగుడు ఒక రోజు కూలి. తేలిక మార్గం ఏమిటంటే దరఖాస్తులన్నీ బడిలోనే రాయించి, ఊరి వారీగా కట్ట కట్టి, ఒక టీచరు ఒకేసారి తీసుకెళ్లి ఇవ్వడం.

తర్వాత పేర్లు. ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’ అని విడివిడిగా, బడి రికార్డులో ‘వెంకటలక్ష్మి’ అని కలిపి, ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరాల్లో, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. ఇప్పుడు ఇది చిన్న విషయంలా కనబడుతుంది. ఎంపికయ్యాక డబ్బు ఆగేది ఇక్కడే. ఆధార్, యూడైస్ (బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు), దరఖాస్తు మూడింటిలో పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం సరిపోయాయా అని జులైలో ఒకసారి చూడాలి. తేడా ఉంటే ఏది మార్చడం తేలికో తేల్చుకోవాలి. సాధారణంగా ఆధార్ ప్రకారం బడి రికార్డును సరిచేయడమే తొందరగా అవుతుంది, పుట్టిన తేదీ ఆధార్‌లోనే తప్పుపడిన సందర్భాల్లో తప్ప.

మెంటల్ ఎబిలిటీ: అసలు దూరం ఇక్కడే

పరీక్షలో రెండు భాగాలు. మెంటల్ ఎబిలిటీలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. పాఠ్యాంశాల భాగంలోనూ 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఈ రెండోదానిలో సైన్సు 35, సాంఘికం 35, లెక్కలు 20. తప్పు జవాబుకు మార్కు కోయరు. రెండూ కలిపి 180కి 40 శాతం, అంటే 72 రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 32 శాతం, అంటే 58.

ఈ అంకెల్లో ఒక సంగతి దాగి ఉంది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకొని ఒకటి దిద్దినా సగటున 180కి 45 వస్తాయి. కాబట్టి 58 గానీ 72 గానీ అందనంత ఎత్తేమీ కాదు. ఆ మాట పిల్లలకు మొదటి రోజే చెప్పాలి, భయం సగం పోతుంది. అయితే అర్హత మార్కు వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ రాదు. మెరిట్ జాబితాలో రిజర్వేషన్ ప్రకారం సీట్లు ఉన్నంతవరకే. అసలు పోటీ ఆ పైన ఉంటుంది, ఆ పైకి తీసుకెళ్లేది మెంటల్ ఎబిలిటీ.

కారణం సూటిగానే ఉంది. సైన్సు, సాంఘికం బడిలో ఎలాగూ చెబుతారు. సంఖ్యా శ్రేణులు, కోడింగ్ (ఒక మాటను రహస్య గుర్తుల్లోకి మార్చే ప్రశ్నలు), అద్దంలో బొమ్మలు, పాచికలు ఈ రూపంలో బడి పాఠాల్లో పెద్దగా కనబడవు. ఇంట్లో అన్నో అక్కో ఏదో పోటీ పరీక్షకు చదువుతుంటే ఈ ప్రశ్నలు ముందే కంటబడతాయి. లేని ఇంటి బిడ్డ పరీక్ష హాల్లోనే మొదటిసారి చూస్తుంది. అది తెలివిలో తేడా కాదు, పరిచయంలో తేడా. ముప్పై, ముప్పై అయిదు గంటల పరిచయంతో చాలావరకు పూడ్చగలిగిన తేడా.

కొన్ని రకాలు, వాటిలో తరచూ జరిగే తప్పులు:

అక్షర శ్రేణులు తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇంగ్లిష్ అక్షరాల వరుస వాళ్లకు పాటలా వస్తుంది, కానీ పదిహేడో అక్షరం ఏదంటే మొదటి నుంచి వేళ్లు మడుస్తారు. ఒక్కో ప్రశ్నకు నిమిషమే ఉన్నచోట ఇరవై సెకన్లు అక్కడే పోతాయి. ఇ, జె, ఓ, టి, వై అనే అయిదు అక్షరాల స్థానాలు 5, 10, 15, 20, 25 అని కంఠస్థం చేయిస్తే ఏ అక్షరమైనా రెండడుగుల్లో దొరుకుతుంది. తిరగేసిన వరుసకు మొత్తం 27 అన్న సూత్రం చాలు: డి నాలుగోది, కాబట్టి దాని జంట ఇరవై మూడోది, డబ్ల్యు.

అద్దం ప్రతిబింబాలు జిరాక్సు కాగితం మీద నేర్పకూడదు. మూడోసారి జిరాక్సు తీసిన బొమ్మలో గీతలు అలుక్కుపోయి పిల్లలు తప్పు చూసి తప్పు నేర్చుకుంటారు. పది రూపాయల అద్దాలు నాలుగు, నీళ్లు పోసిన పళ్లెం ఒకటి తెచ్చి అక్షరాలు రాసి చూపిస్తే చాలు. అద్దంలో కుడి ఎడమలు మారతాయి, నీటిలో పైకిందులు మారతాయి. ఎ, హెచ్, ఐ, ఎం, ఓ, టి, యు, వి, డబ్ల్యు, ఎక్స్, వై అద్దంలో మారవు. బి, సి, డి, ఇ, హెచ్, ఐ, కె, ఓ, ఎక్స్ నీటిలో మారవు. ఈ రెండు జాబితాలూ పిల్లలే కనిపెట్టి గోడ మీద రాసుకోవాలి. పాచికలకు చాక్‌పీసుల డబ్బా అట్టతో అయిదు సెంటీమీటర్ల ఘనం చేసి అంకెలు వేయించండి. బొమ్మ చూసి ఊహించలేని పిల్ల కూడా చేతిలో తిప్పి చూశాక రెండు వారాల్లో అట్ట పక్కన పెట్టేస్తుంది.

క్యాలెండర్ లెక్కలకు బేసి రోజుల పద్ధతి, అంటే రోజులను ఏడుతో భాగిస్తే మిగిలే శేషంతో వారం కనుక్కోవడం. 2025 జనవరి 1 బుధవారం అయితే ఆగస్టు 15 ఏ వారం? జనవరి నుంచి జులై దాకా 212 రోజులు, ఆగస్టులో ఇంకో 14, మొత్తం 226. ఏడుతో భాగిస్తే శేషం 2. బుధవారం తర్వాత రెండో రోజు, శుక్రవారం. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటే: 14 బదులు 15 కలుపుతారు. మొదటి రోజును లెక్కలోకి తీసుకోకూడదని వేలితో క్యాలెండర్ గళ్లు దాటిస్తూ చూపించాలి.

రక్త సంబంధాల ప్రశ్నల్లో మాత్రం మన పిల్లలకు ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. ‘తల్లి సోదరుడి కుమారుడు’ అనగానే మేనమామ కొడుకు అని తెలుగు బిడ్డకు తడుముకోకుండా తడుతుంది. ఇంగ్లిష్‌లో మేనమామకూ, బాబాయికీ, పెదనాన్నకూ ఒకే మాట, తెలుగులో దేనికదే. కాబట్టి ప్రశ్నను ముందు ఇంటి వరసల్లోకి మార్చుకోమనాలి. చిక్కు జవాబు దగ్గర వస్తుంది. మనసులో ‘బావ’ అని సరిగ్గా తేల్చుకున్న పిల్ల, ఆప్షన్లలో ‘కజిన్’ చూసి తికమకపడి ఇంకోటి దిద్దుతుంది. వరసలకు ఇంగ్లిష్ మాటలు ఏవో ఒక పట్టిక రాసి ఇస్తే ఈ తప్పు పోతుంది.

ఎప్పుడు చెప్పాలి, ఎంతసేపు

జులై చివరి నుంచి పద్దెనిమిది వారాలు, వారానికి అయిదు రోజులు, రోజుకు 45 నిమిషాలు అనుకుంటే దాదాపు 67 గంటలు వస్తాయి. అందులో 35 గంటలు మెంటల్ ఎబిలిటీకి, 20 గంటలు పాఠ్యాంశాలకు, 12 గంటలు నాలుగు పూర్తి మాదిరి పరీక్షలకు. పాఠ్యాంశాల్లో లెక్కలకే ఎక్కువ ఇవ్వాలి. సాంఘికం పిల్లలు చదువుకోగలరు.

గంటలకంటే వేళ ముఖ్యం. సాయంత్రం బడి అయ్యాక స్పెషల్ క్లాసు పెడితే పక్క ఊళ్ల నుంచి ఆటోలో, బస్సులో వచ్చేవాళ్లు ఉండలేరు. ఇంటికెళ్లి తమ్ముణ్ని చూసుకోవాల్సిన ఆడపిల్లలు ఉండలేరు. ఉండగలిగేది బడి ఉన్న ఊరి పిల్లలే. అందరికీ ఉచితంగా పెట్టిన క్లాసు కాస్త వెసులుబాటున్న ఇళ్ల పిల్లల క్లాసుగా మారిపోతుంది, హాజరు పట్టీ చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. బడివేళల లోపలే, మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలే సమయంలోనో, వారంలో కొన్ని పీరియడ్లు సర్దుబాటు చేసుకొనో చెప్పాలి. వలసపోయి తిరిగొచ్చిన పిల్లల కోసం రకానికి ఒక పేజీ చొప్పున పదిహేను ఇరవై పేజీల నోట్సు ఉంచాలి. వాళ్లకు మొదటి నుంచి మళ్లీ చెప్పలేం, కానీ ఒక జతగాణ్ని పక్కన కూర్చోబెట్టగలం. ఆ జతగాడికి కూడా అది లాభమే, చెబితేనే గట్టిపడుతుంది.

జవాబు గడిని పెన్నుతో నింపాల్సిన ఓఎంఆర్ షీటును తేలిగ్గా తీసుకోవద్దు. ప్రశ్న తెలిసినా గడి తప్పు దిద్దడం వల్ల పోయే మార్కులు చాలా ఉంటాయి. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును ఆ వరసలో దిద్దితే అక్కణ్నుంచి అన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి. ఒక్కో బిడ్డ కనీసం నాలుగుసార్లు రెండు భాగాలకూ దిద్దాలి. నలభై మందికి 320 షీట్లు. పేజీ పూర్తయిన ప్రతిసారీ ఆ పేజీ జవాబులు దిద్దడం అలవాటు చేయాలి, అన్నీ చివర దిద్దుదామంటే టైము అయిపోతుంది. తొంభై నిమిషాల్లో మొదటి 50 నిమిషాలు వచ్చినవి చేయడానికి, తర్వాతి 25 ఆలోచించాల్సిన వాటికి, మిగతా 15 సరిచూసుకోవడానికి, ఖాళీలు నింపడానికి. మార్కు కోత లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు.

పరీక్ష సాధారణంగా ఆదివారం, బడి మధ్యాహ్న భోజనం ఉండదు. సెంటరు వేరే ఊళ్లో. ఆటో ఒకటి మాట్లాడటం, పెరుగన్నం పొట్లాలు కట్టించడం, నలుపు లేదా నీలం బాల్‌పెన్నులు రెండేసి ఇవ్వడం కూడా తయారీలో భాగమే. మొదటి భాగం తర్వాత ఆకలితో రెండో భాగం రాసే పిల్లకు 35 సాంఘికం ప్రశ్నలు వచ్చినవే అయినా కళ్లు తిరుగుతాయి.

ఫలితం వచ్చాక జారిపోయేది

ఎంపిక జాబితాలో పేరు చూసి మిఠాయిలు పంచాక చాలా బడుల్లో పని అయిపోయిందనుకుంటారు. డబ్బు రావాలంటే పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కొత్తగా నమోదు కావాలి. బడిలో ఈ పోర్టల్ పని చూసే నోడల్ అధికారి మొదట ధ్రువీకరించాలి, ఆపైన జిల్లా అధికారి. గడువు దాటితే ఆ ఏడాది లేదు.

పేద బిడ్డ ఎక్కువగా జారిపోయేది ఈ మలుపులో. ఎనిమిది దాకానే ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో పరీక్ష రాసి, తొమ్మిదికి పక్క ఊరి హైస్కూలుకు వెళుతుంది. పాత హెచ్‌ఎం తన పని అయిందనుకుంటారు. కొత్త హెచ్‌ఎంకు ఈ పిల్ల ఎంపికైందని తెలియదు. చదువుకున్న తండ్రైతే వెళ్లి అడుగుతాడు. లేకపోతే నాలుగేళ్ల డబ్బూ పోతుంది, ఎవరి తప్పూ కాకుండా. పరిష్కారం ఒక కాగితం: టీసీతో పాటు ఎంపిక జాబితా పేజీ, హాల్ టికెట్ నకలు, ఆదాయ ధ్రువపత్రం పిన్ చేసి, టీసీ వెనుక ‘ఎన్‌ఎంఎంఎస్ ఎంపిక, పోర్టల్‌లో నమోదు చేయాలి’ అని రాసి పంపడం, ఆపైన కొత్త బడికి ఫోన్ చేయడం. హెచ్‌ఎం బదిలీ అయినప్పుడు పోర్టల్ లాగిన్ కొత్తవారి పేరు మీదకు మారిందో లేదో కూడా చూడాలి.

బ్యాంకు ఖాతా ఉంటే సరిపోదు. ఆధార్ ఏ ఖాతాకు అనుసంధానమైందో అక్కడికే డబ్బు వెళుతుంది. పిల్లకు రెండు ఖాతాలుంటే, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాకు అది ముడిపడి ఉండొచ్చు. డబ్బు రాలేదనుకుంటారు, అది అక్కడ పడి ఉంటుంది. ఆ ఖాతా మూతపడి ఉంటే వెనక్కిపోతుంది. నమోదుకు ముందే బ్యాంకులో అడిగి తేల్చుకోవాలి.

ఇవన్నీ కంటికి కనబడాలంటే ఒక రిజిస్టరు కావాలి. అర్హులు, దరఖాస్తు చేసినవారు, పరీక్ష రాసినవారు, అర్హత మార్కు వచ్చినవారు, ఎంపికైనవారు, పోర్టల్‌లో నమోదైనవారు, డబ్బు అందినవారు, రెన్యువల్ అయినవారు. ఒక్కో గడిలో ఆడా మగా, కులం, తల్లిదండ్రుల పని, ఇంటి నుంచి దూరం రాయాలి. ఎంపికల సంఖ్య ఒక్కటే నోటీసు బోర్డు మీద పెడితే బడి గొప్పగా కనబడుతుంది. ఏ గడి నుంచి ఏ గడికి పోయేటప్పుడు కూలి ఇళ్ల పిల్లలు తగ్గుతున్నారో ఈ రిజిస్టరే చూపిస్తుంది. దరఖాస్తు దగ్గర తగ్గుతుంటే మన వడపోత తప్పు, పరీక్షకు రాకపోతే ప్రయాణం, నమోదు దగ్గరైతే కాగితాలు.

రెన్యువల్ ఏటా చేయాలి. తొమ్మిది నుంచి పదికి ఒకేసారిలో పాసవ్వాలి. పదిలో 60 శాతం, అంటే 600కి 360 రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 330 చాలు. కాబట్టి పదో తరగతి ప్రీఫైనల్‌లో 340 దగ్గర ఆగిన స్కాలర్‌షిప్ పిల్లలను విడిగా గుర్తించి, వాళ్లకు ఆ ఇరవై మార్కులు ఏ సబ్జెక్టులో తేలిగ్గా వస్తాయో చూడాలి. ఆ ఇరవై మార్కుల విలువ ఇరవై నాలుగు వేల రూపాయలు.

ఇంకో చోటు ఉంది. పది అయ్యాక పాలిటెక్నిక్‌లో గానీ ఐటీఐలో గానీ చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఇంటర్ చదివేవాళ్లకే కొనసాగుతుంది. ప్రైవేటు జూనియర్ కాలేజీకి వెళ్లినా పోతుంది. పాలిటెక్నిక్ వద్దనమని కాదు, చాలా కుటుంబాలకు మూడేళ్లలో చేతికొచ్చే ఉద్యోగం ఆ ఇరవై నాలుగు వేల కంటే విలువైనదే. కానీ ఆ నిర్ణయం తెలిసి తీసుకోవాలి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఫారం నింపే ముందే పిల్లనూ తల్లినీ కూర్చోబెట్టి రెండు దారుల ఖర్చూ రాబడీ ఒక కాగితం మీద రాసి చూపించాలి.